చేతి రీమరు పని: కోతకు ముందు కొలత

(భీమవరంలో లేత్, ఫిట్టింగ్ పనివారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వర్క్‌షాపులు నడుపుతున్న పెద్దలకు, వారి దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, ఈ సమావేశం ఏర్పాటు చేసినవారికి నమస్కారం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఒక్క పనిముట్టు గురించి, దానితో చేసే ఒక్క పని గురించి. డ్రిల్లు వేసిన రంధ్రాన్ని గాని, రంధ్రంలో దిగ్గొట్టిన బుష్ అనే గొట్టపు తొడుగును గాని చేతి రీమరుతో, అంటే చుట్టూ కోసే పళ్లున్న కడ్డీతో, తుది కొలతకు తేవడం ఎలా, ఆ తుది కొలతను మనం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అన్నదే నా విషయం. మన గోదావరి డెల్టాలో ఈ పనికి కొదవ లేదు. శివారు భూములకు నీరు తోడే ఆయిల్ ఇంజన్లు, పవర్ టిల్లర్లు, వరికోత యంత్రాలు, రేవుల్లో తిరిగే ఇంజను పడవలు, కరెంటు పోతే రొయ్యల చెరువులో ఏరియేటర్లను ఆగనివ్వని జనరేటర్లు, వీటన్నిటిలోనూ ఒక పిన్నో కాడో కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందులో ఆడుతూ ఉంటుంది. ఆ సందు సరిగ్గా ఉన్నంతకాలం ఇంజను సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అది చెడిన రోజున రైతు మన గుమ్మంలో ఉంటాడు.

అసలు విషయంలోకి వెళ్లే ముందు, ఇక్కడి కుర్రవాళ్లు అడిగిన ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. అమెరికాలో కొందరు ఇంట్లోనే, బల్లకు బిగించిన వైస్ దగ్గర నిలబడి, రివాల్వర్ సిలిండరులోని రంధ్రాలను రీమరుతో సరిచేసుకోవడం వీరు ఫోన్లలో చూశారట. అది మన దగ్గర చేయవచ్చా అని అడిగారు. చేయకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం, లైసెన్సు లేకుండా తుపాకిని తయారుచేయడమే కాదు, మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం కూడా నేరమే. తుపాకి ఉంచుకోవడానికి యజమానికి ఇచ్చిన లైసెన్సు, దానిని బాగుచేయడానికి మనకు ఇచ్చిన లైసెన్సు కాదు. 2019లో వచ్చిన సవరణతో శిక్షలు ఇంకా పెరిగాయి. ఎంత తెలిసినవారు అడిగినా, ఎంత చిన్న పని అన్నా, ఆ వస్తువును మన బల్ల మీద పెట్టనివ్వకూడదు. ఇందులో మరో మాటకు తావు లేదు.

అయితే ఆ పనిలో ఉన్న లెక్కను అర్థం చేసుకోవడం తప్పు కాదు. పైగా, రీమింగు వెనక ఉన్న ఆలోచన అంత తేటగా కనిపించే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు. అందుకే దానిని కొంచెం విడమరచి చెబుతాను.

రివాల్వరులో తూటాలు ఉండే గుండ్రటి దిమ్మెను సిలిండరు అంటారు. దానిలో సాధారణంగా ఆరు గదులు ఉంటాయి. ప్రతి గదికీ రెండు కొలతలు ఉంటాయి. వెనక భాగం వెడల్పు. ఇత్తడి తొడుగు అక్కడ కూర్చుంటుంది. ముందు భాగం సన్నం. దాన్ని థ్రోట్ అంటారు, మనం గొంతు అందాం. పేలినప్పుడు సీసపు గుండు ఇత్తడి తొడుగును వదిలి, ఈ గొంతులోంచి దూరి, సిలిండరుకూ గొట్టానికీ మధ్య ఉన్న సన్నని ఎడాన్ని దాటి, అప్పుడు గొట్టంలోకి వెళ్తుంది. రైఫిలులో గదీ గొట్టమూ ఒకే ముక్క. రివాల్వరులో ఇవి రెండు వేర్వేరు ముక్కలు కనుక, ఒక ముక్కలోని కొలత రెండో ముక్కలోని కొలతతో పొత్తు కుదరాలి.

పొత్తు కుదరకపోతే ఏమవుతుందో చూడండి. 45 కోల్ట్ అనే పాత రకం తూటా ఉంది. 1870లలో పుట్టిన ఆ తూటాకు ఇప్పుడు వాడే సీసపు గుండు వ్యాసం సాధారణంగా 0.452 అంగుళం, అంటే 11.48 మిల్లీమీటర్లు. గొట్టం లోపల మెలికగా కోసిన గాళ్ల అడుగున కొలిస్తే వ్యాసం దాదాపు 0.451 ఉంటుంది. ఇప్పుడు సిలిండరు గొంతు 0.450 మాత్రమే ఉందనుకుందాం. మెత్తటి సీసం ఆ గొంతులో నలిగి 0.450కి తగ్గిపోతుంది. అక్కడి నుంచి తనకంటే ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఎక్కువ వెడల్పున్న గొట్టంలోకి వెళ్లినప్పుడు గుండు గోడలను నిండుగా పట్టుకోలేదు. వెనక నుంచి వచ్చే వేడి వాయువు ఆ సందులోంచి ముందుకు దూసుకుపోతూ సీసాన్ని కరిగించి, కోసి, గొట్టం గోడలకు అంటగడుతుంది. గురి పోతుంది, గొట్టం నిండా సీసం పేరుకుంటుంది. ఆ తుపాకి యజమాని మందు మారుస్తాడు, గుండు మారుస్తాడు, గొట్టం తోముతాడు. తప్పు మాత్రం గొట్టంలో లేదు, దానికి ముందున్న గొంతులో ఉంది.

అందుచేత అక్కడి పనివారు పెట్టుకున్న నియమం ఇది: గొంతు గొట్టం కంటే చిన్నది కాకూడదు, గుండు వ్యాసానికి సమానంగా గాని, అర థౌ నుంచి ఒక థౌ వరకు ఎక్కువగా గాని ఉండాలి, ఆరు గొంతులూ ఒకే కొలతలో ఉండాలి. ఒక థౌ అంటే 25.4 మైక్రాన్లు అని మీకు తెలుసు. అర థౌ అంటే దాదాపు పన్నెండున్నర మైక్రాన్లు. ఆ పనిలో మొత్తం కథ అంతే లోహం గురించి. దీనికోసం వాళ్లు 0.4525 అంగుళం రీమరు వాడతారు. దాని ముందు భాగంలో కోత లేని ఒక నున్నటి కాడ ఉంటుంది. దాన్నే పైలట్ అంటారు. గొంతు లోపలి కొలతకు సరిపోయే బుష్‌లు కొన్ని ఇస్తారు. వాటిలో ఏది ఆట లేకుండా దూరుతుందో దాన్ని పైలట్ కాడకు తొడుగుతారు. ఆ బుష్ పాత రంధ్రంలో నడుస్తూ ఉంటే, వెనక వచ్చే పళ్లు అదే కేంద్రం మీద కోస్తాయి.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకున్నది కోత కాదు, కోతకు ముందు వాళ్లు చేసే కొలత. మెత్తటి సీసపు ముక్కను గొట్టంలోంచి నూనెతో మెల్లగా నెట్టి, దాని మీద పడిన గాళ్ల ముద్రను మైక్రోమీటరుతో కొలుస్తారు. గాళ్లు ఆరు ఉంటే ఎదురెదురుగా కొలవవచ్చు. కొన్ని తుపాకుల్లో గాళ్లు అయిదు ఉంటాయి. అప్పుడు మామూలు మైక్రోమీటరు తప్పు అంకె చూపిస్తుంది, వి ఆకారపు దవడ ఉన్న మైక్రోమీటరు కావాలి. మూడు గాళ్ల ట్యాపును మామూలు మైక్రోమీటరుతో కొలవబోయినవారికి ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. తరువాత గొంతులను అర థౌ తేడాతో వరసగా ఉండే పిన్ గేజులతో చూస్తారు. ఒక పిన్ను అయిదు గొంతుల్లో దూరి ఆరో దానిలో దూరకపోతే, ఆ ఆరో గొంతే కోయవలసినది. మిగిలిన అయిదింటినీ ముట్టుకోరు. ఆరూ ముందే వదులుగా ఉంటే రీమరు వల్ల ఏ ప్రయోజనమూ లేదు. అప్పుడు గుండు కొలత మార్చుకోవాలి, లేదా సిలిండరు మార్చుకోవాలి. రీమరు లోహం తీయగలదు గాని పెట్టలేదు.

ఒకే సిలిండరులో, ఒకే కర్మాగారంలో కోసిన గొంతుల మధ్య తేడా ఎందుకు వస్తుందంటే, రీమరు అరుగుతుంది. పదును పెట్టినప్పుడల్లా సన్నబడుతుంది. కొత్త రీమరు కోసిన రంధ్రం, జీవితకాలం చివరికి వచ్చిన రీమరు కోసిన రంధ్రం ఒకే కొలతలో ఉండవు. మన అలమారాలో ఉన్న రీమరు కూడా అంతే. దాని మెడ మీద చెక్కిన అంకె అది పుట్టిన నాటి కొలత. నేటి కొలత మైక్రోమీటరు చెప్పాలి. రీమర్లకు పళ్లు సాధారణంగా సరిసంఖ్యలో ఉండటానికి కారణం ఎదురెదురుగా కొలవగలగడమే. అదే సమయంలో, ఆ పళ్ల మధ్య దూరాలు కొద్దిగా హెచ్చుతగ్గులుగా పెడతారు. దూరాలన్నీ సమానంగా ఉంటే ప్రతి పన్నూ ముందు పన్ను చేసిన గీతలోనే పడి, గరగరమంటూ రంధ్రం గోడ మీద మూలలు తేలుస్తుంది.

ఇక మన ఇంజన్ల దగ్గరకు వద్దాం. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు చిన్న చెవిలో, అంటే పిస్టన్ వైపు రంధ్రంలో, ఉండే కంచు బుష్, దానిలో ఆడుతూ పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గజన్ పిన్ను, ఈ రెండింటి మధ్య ఉన్నది రివాల్వరు గొంతుకూ గొట్టానికీ మధ్య ఉన్న లెక్క వంటిదే. కొలత పిన్ను నుంచి రావాలి. మన దగ్గర తరచుగా జరిగేది వేరు. కొత్త బుష్ కొంటారు, దిగ్గొడతారు, పాత పిన్ను దూరేదాకా రీమరు తిప్పుతారు. పాత పిన్నును మూడు చోట్ల కొలిచి చూడండి: రెండు చివరలా, నడుమా. పిస్టన్ బాస్‌లలో, అంటే పిస్టన్‌లోని పిన్ను రంధ్రాల్లో, కూర్చునే చివరలకూ, బుష్‌లో ఆడే నడుముకూ తేడా కనిపిస్తే ఆ పిన్ను పనికిరాదు. దాని లావు చివర దూరేలా బుష్ కోస్తే, అరిగిన నడుము దగ్గర మొదటి రోజు నుంచే వదులు. కొత్త బుష్‌కు పాత పిన్ను పెట్టి మిగుల్చుకున్న డబ్బు, ఇంజను చప్పుడు మొదలైన నాడు రెండింతలు పోతుంది. ఎంత సందు ఉండాలన్నది ఇంజను కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. ఇంజనుకూ ఇంజనుకూ అది మారుతుంది కనుక నేను ఇక్కడ ఒక అంకె చెప్పి మీ చేత దాన్ని కంఠస్థం చేయించను.

బుష్‌ను రాడ్డులో దించక ముందే రీమరు కొట్టి, ఆ తరువాత దించడం మరో పొరపాటు. బయట ఇచ్చిన బిగువులో చాలా భాగం లోపలి రంధ్రం మూసుకోవడానికే పోతుంది. ఎందుకంటే రాడ్డు చెవి మందంగా, బలంగా ఉంటుంది. పలచని కంచు బుష్‌కు లోపలికి కుంచించుకోవడం తప్ప దారి లేదు. అందుకే ముందు దించాలి, తరువాత కోయాలి. దించేటప్పుడు బుష్‌లోని నూనె రంధ్రం రాడ్డులోని నూనె రంధ్రం ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోవాలి. సుత్తితో కొట్టకుండా, ప్రెస్సు మీద గాని, వైస్ దవడల మధ్య గాని నిటారుగా ఒత్తాలి.

ఇప్పుడు అసలు కోత. చేతి రీమరుకు ముందు భాగంలో పొడవైన ఏటవాలు ఉంటుంది. అది రంధ్రంలోకి దారి చూపుతుంది. అయినా రీమరు స్వభావాన్ని మరచిపోకూడదు. ముందున్న రంధ్రం ఎటు వంగి ఉంటే రీమరు అటే వెళ్తుంది. కొలతను, నునుపును ఇస్తుంది గాని వంకరను సరిచేయదు. చిన్న చెవిలో రంధ్రం క్రాంకు వైపు ఉండే పెద్ద చెవి రంధ్రానికి సమాంతరంగా ఉండకపోతే, పిస్టన్ తాను ఆడే గొట్టంలో, అంటే లైనరులో, పక్కకు ఒరిగి నడుస్తుంది. ఒక పక్క గీతలు పడతాయి, రింగులు ఒక వైపే అరుగుతాయి, నూనె తాగడం మొదలవుతుంది. రైతు లైనరు బాగాలేదంటాడు. అరుగుదల కనిపించేది లైనరు మీద, పుట్టింది చిన్న చెవిలో. అందుకే పైలట్ ఉన్న పొడవు రీమరు వాడమని నేను పట్టుబడతాను. వ్యాసాన్ని కొద్దిగా మార్చుకోగల సర్దుబాటు రీమర్లకు జారే శంకుబుష్ ఒకటి దొరుకుతుంది. దాన్ని రంధ్రం అవతలి అంచున కూర్చోబెట్టి కాడను అందులోంచి పోనిస్తే, చేయి వణికినా రీమరు అటూ ఇటూ పోదు. పని అయ్యాక రెండు చెవుల్లోనూ సరైన మాండ్రెల్‌లు, అంటే కచ్చితమైన గుండ్రటి కడ్డీలు, దూర్చి, రాడ్డును వి బ్లాకుల మీద పెట్టి, డయల్ గేజుతో సమాంతరం చూడనిదే ఆ రాడ్డును ఇంజనులో వేయకూడదు.

రాడ్డును వైస్‌లో పట్టేటప్పుడు మెత్తని దవడలు పెట్టాలి. రీమరును ట్యాప్ రెంచిలో బిగించి, రెండు చేతులతో సమంగా పట్టుకోవాలి. ఒంటి చేత్తో తిప్పితే రంధ్రం నోరు గంట ఆకారంలో తెరుచుకుంటుంది. తిప్పడం ఎప్పుడూ కుడి వైపుకే. బయటకు తీసేటప్పుడు కూడా కుడి వైపుకే తిప్పుతూ తీయాలి. వెనక్కి తిప్పితే కోసిన లోహపు రజను పన్ను వెనక ఇరుక్కుని, కోసిన గోడను గీరడమే కాక పన్ను అంచును కూడా పెచ్చు లేపుతుంది. ఈ ఒక్క అలవాటు వల్లే మన వర్క్‌షాపుల్లో మంచి మంచి రీమర్లు పాడయ్యాయి.

ఎంత లోహం ఉంచాలి అంటే, చేతి రీమరుకు పదోవంతు మిల్లీమీటరు చుట్టుపక్కల చాలు. పావు మిల్లీమీటరు ఉంచి బలవంతాన తిప్పితే రీమరు అరుస్తుంది. మరీ తక్కువ ఉంచితే పళ్లు కోయకుండా రుద్దుతాయి. కంచు మెరుస్తుంది, గట్టిపడుతుంది, ఆ తరువాత కోతకు లొంగదు. సరిగ్గా సాగుతున్న కోత చేతికి తెలుస్తుంది. రెంచి బరువు ఎక్కడా మారదు, గాళ్లలోకి సన్నని పసుపు రజను ఇసుకలా రాలుతుంది, రీమరు తనంతట తానే కొంచెం కొంచెం దిగుతున్నట్టు ఉంటుంది. రెంచి బరువెక్కిందంటే తీసి, కుంచెతో రజను తుడిచి, కొద్దిగా పలచని నూనె రాసి మళ్లీ పెట్టాలి. బీడు ఇనుముకు నూనె అక్కర లేదు, పొడిగానే కోయాలి. ఉక్కుకు మాత్రం కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయాలి. సర్దుబాటు రీమరయితే నట్లు కొద్దిగా జరిపి, కొలిచి, ఒక కోత కోయండి, మళ్లీ కొలవండి. ఒక్క దెబ్బలో కొలతకు తేవాలన్న తొందర ఈ పనికి పనికిరాదు.

పిన్ను పరీక్ష గురించి ఒక మాట. కోత అయిన వెంటనే పిన్ను దూర్చి చూడకండి. తిప్పడంలో బుష్ వేడెక్కి ఉంటుంది. చల్లారనిచ్చి, రజను పూర్తిగా కడిగి, పిన్నుకు నూనె రాసి, బొటనవేలితో ఒత్తితే అది నిండుగా, ఒకే బరువుతో సాగాలి. తనంతట తాను జారిపడితే వదులు. చేతి కింద అక్కడక్కడా పట్టేస్తే రంధ్రం గుండ్రంగా లేదు. పిన్నుకు పలచగా మార్కింగ్ బ్లూ పూసి ఒకసారి తిప్పి తీసి చూడండి. బుష్ లోపల నీలం అంతటా అంటితే మంచిది. రెండు చివరలా అంటి నడుమ అంటకపోయినా, ఒక పక్కే అంటినా మీ పని మీకు ఎదురుగా కనిపిస్తుంది.

వేడి సంగతి ఎత్తాను కాబట్టి, మన ప్రాంతపు ఎండను కూడా లెక్కలోకి తీసుకుందాం. కొలతలకు ప్రమాణమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వైశాఖంలో మన రేకుల షెడ్డులో 40 డిగ్రీలు ఉండటం మామూలే. 25 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను 20 డిగ్రీల వేడి పెరిగితే ఆరు మైక్రాన్ల దాకా లావెక్కుతుంది. అంతే కొలతగల కంచు అయితే తొమ్మిది మైక్రాన్ల దాకా పెరుగుతుంది. అదే 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్ 7 అనే ప్రమాణ తరగతిలో అనుమతించిన మొత్తం తేడా 21 మైక్రాన్లు. అంటే ఎండలో పడి ఉన్న పిన్నును నీడలో ఉన్న రాడ్డుకు సరిచూస్తే, మనకు ఇచ్చిన వాటాలో పావు వంతుకు పైగా ఎండే తినేస్తుంది. ఏసీ గది అక్కర లేదు. పిన్ను, రాడ్డు, మైక్రోమీటరు, మూడూ ఒకే బల్ల మీద ఒకే నీడలో గంటసేపు కలిసి ఉంటే చాలు. మూడూ ఒకే వేడికి వస్తాయి. మైక్రోమీటరును అరచేతిలో పట్టుకుని కబుర్లు చెప్పడం కూడా మానుకోవాలి.

వాల్వు కాడ ఆడే గొట్టాలైన వాల్వ్ గైడుల గురించి క్లుప్తంగా చెబుతాను, సూత్రం అదే కనుక. గైడును ఇంజను హెడ్డులో దించిన తరువాతే రీమరు కొట్టాలి. ఎగ్జాస్ట్ వాల్వు ఇన్లెట్ కంటే వేడిగా నడుస్తుంది కాబట్టి దాని కాడకు సందు కొంచెం ఎక్కువ కావాలి; రెండింటికీ ఒకే రీమరు దించి చేతులు దులుపుకుంటే, ఇంజను మీద బరువు పడిన నాడు ఎగ్జాస్ట్ వాల్వు పట్టేస్తుంది. గైడు మార్చిన ప్రతిసారీ వాల్వు ఆనే సీటును గైడు కేంద్రం మీద మళ్లీ కోయాలి. సీటు పాతదే ఉంచి గైడు ఒక్కటే మారిస్తే, వాల్వు ఒక పక్కే ఆనుతుంది, ఎంత గ్రైండింగ్ పేస్టు రుద్దినా ఆ లోపం పోదు.

చివరిగా, రీమర్లను ఉంచుకునే తీరు. మనది ఉప్పుగాలి నేల. నరసాపురం, అంతర్వేది వైపు షాపుల్లో అయితే నూనె రాయని ఉక్కు మీద వానాకాలంలో రాత్రికి రాత్రే తుప్పు మచ్చ కనిపిస్తుంది. పన్ను అంచు మీద పడ్డ ఒక్క తుప్పు గుంట ఆ తరువాత కోసే ప్రతి రంధ్రంలోనూ ఒక గీతగా కనిపిస్తుంది. రీమర్లను డ్రిల్ బిట్లతో కలిపి డబ్బాలో పడేయకూడదు. చెక్క దిమ్మెలో విడివిడిగా రంధ్రాలు వేసి, ఒక్కోదాన్ని నూనె రాసి నిలబెట్టాలి. ప్రతి రంధ్రం పక్కన ఒక చీటీ అంటించి, ఆ రీమరును కిందటిసారి కొలిచినప్పుడు వచ్చిన అంకెను, కొలిచిన తేదీని రాసి ఉంచాలి. ఆ చీటీలో 25.00 అని ఉన్న రీమరు వచ్చే ఏడాదికి 24.98 చూపిస్తే దాన్ని పారేయనక్కర లేదు. మొదటి కోతకు దాన్ని వాడి, తుది కోతకు కొత్తది కొనుక్కోవచ్చు.

ఇక్కడ బల్ల మీద ఒక రాడ్డు, కొత్త బుష్, రెండు పిన్నులు పెట్టాం. పిన్నుల్లో ఒకటి అరిగినది. ఏదో నేను చెప్పను. వరసగా వచ్చి మైక్రోమీటరుతో మూడేసి చోట్ల కొలిచి అంకెలు కాగితం మీద రాయండి. ఆ తరువాతే రీమరు బయటికి తీద్దాం.